మా బావ పంచిన కుప్పలు

నెల కిందట ఒక ఆదివారం పొద్దున మా బావ చనిపోయాడు. ఆ కబురు తెచ్చింది మా ఊరి గొల్ల పెద్దమనిషి. అప్పుడు నేను సడకు మీద నా కూర దుకాణంలో తక్కెడ పట్టుకొని ఎవరికో సేరు కూర తూస్తున్నాను. ఆయన గడప దగ్గరే నిలబడి, భుజం మీది గొంగడి సర్దుకొని, "మీ బావ పోయిండు. తెల్లారంగనే పానం పోయింది. మీ అక్క నిన్ను రమ్మన్నది" అన్నాడు.

ఆ మాట వినగానే తక్కెడ కింద పడేసి పరుగెత్తానని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. అట్లా జరగలేదు. తక్కెడ ముల్లు నిలబడేదాకా ఆగాను. కూర కాగితంలో కట్టి ఇచ్చాను. నా మనసులోకి మొట్టమొదట వచ్చిన మాట ఏమిటో కూడా చెప్తాను, ఇప్పుడు దాచి లాభం లేదు. "ఇక నన్ను ఎవరితో పోలుస్తారో చూస్తాను" అనుకున్నాను. దాని వెనకనే ఏడుపు వచ్చింది. కానీ ముందు వచ్చింది మాత్రం ఆ మాటే.

చనిపోయినవాళ్ల గురించి ప్రేమించినవాళ్లే రాయాలంటారు. నేను ఒప్పుకోను. ఓర్వలేనివాడు చూసినంతగా ప్రేమించినవాళ్లు కూడా చూడరు. పదిహేనేళ్లు నేను మా బావ మీద కళ్లల్లో నిప్పులు పోసుకొని బతికాను. ఆయన ఎట్లా కూర్చునేవాడో, కత్తి ఎట్లా కడిగేవాడో, ఎవరితో ఏం మాట్లాడేవాడో నాకు తెలిసినంతగా ఆయన పెళ్లాం, అంటే మా అక్కకు కూడా తెలియదు. అందుకే నేను రాస్తున్నాను.

మాది కటికె ఇల్లు. చిట్యాలకు రెండు కోసుల దూరంలో మా ఊరు. గొర్రెనైనా మేకనైనా కోయడానికి తెస్తే మా దిక్కు యాట అంటారు, దాని మాంసాన్ని కూర అంటారు. యాటను కోసి కూర పంచడం మా తాతల నాటి పని. నాకు ఇరవై ఏళ్లు వచ్చాక ఊరి మీద మొహం మొత్తి పట్నం పోయాను. అక్కడ పెద్ద కూర బజారులో నాలుగేళ్లు పనిచేశాను. నాలుగక్షరాలు చదవడం రాయడం కూడా అక్కడే పట్టుబడింది. తిరిగొచ్చేసరికి మా అక్కకు పెళ్లయింది. బావ ఇల్లుటం అల్లుడిగా మా ఇంట్లోనే ఉన్నాడు. మా బాపు కత్తి ఆయన చేతిలో ఉంది.

"బాపూ, గా కత్తి నాది గద?" అని అడిగాను.

"నీదే బిడ్డా, ఎవలు కాదన్నరు? గని నువ్వు పట్నం పోతివి. కత్తి ఊకుంటదా, తుప్పు పడ్తది" అన్నాడు బాపు.

"ఇప్పుడు వచ్చిన గద."

బాపు కొంచెం సేపు గడ్డం గోక్కున్నాడు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు, అదే నా ఖర్మ. "చెయ్యి నీదే మంచిది. దానికి తిరుగు లేదు. గని కన్ను ఆయనది మంచిది. ఈ పనికి కన్ను గావాలె బిడ్డా" అన్నాడు.

నా కన్నుకు ఏం తక్కువ? ఆ రాత్రి అన్నం సహించలేదు. మా అక్క రెండుసార్లు పిలిచింది, పోలేదు. బావ వచ్చి, "బామ్మర్దీ, అలిగితే ఆకలి తీరుతదా? లే, నీకని బోటి వండిచ్చిన" అన్నాడు. బోటి అంటే నాకు ప్రాణమని ఆయనకు ఎవరు చెప్పారో. లేచి తిన్నాను. తింటూ తిట్టుకున్నాను.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఆదివారం కోయబోయే యాటను శనివారం సాయంత్రమే ఊరంతా తిప్పేవాడు. తాడు కట్టి లాక్కుపోవడం కాదు, ముందు తాను నడిచి యాటను వెనక నడిపించేవాడు. ముసలమ్మల గుమ్మాల ముందు ఆగి, "చూసుకో అవ్వా, రేపటి కూర ఇదే" అనేవాడు. వాళ్లు లేచి వచ్చి దాని నోరు తెరిచి చూసేవాళ్లు, నడుము మీద బొటనవేలితో నొక్కేవాళ్లు, తోక ఎత్తి చూసేవాళ్లు. పెళ్లిచూపులు కూడా అంత సేపు జరగవు. చివరికి పిడికెడు జొన్నలు ముందు పోసేవాడు. తింటే సరే. తినకపోతే, మళ్లీ అడగకుండా, గొల్లవాళ్ల మందకే తోలుకుపోయి అప్పగించేవాడు. ఆ ఆదివారం ఊరికి కూర ఉండేది కాదు.

"గిట్లయితే బతికినట్టే" అని నేను వెక్కిరించేవాణ్ని. "జొన్నలు తినకుంటే ఏమైతది బావా? దానికి ఆకలి లేదేమో."

"ఏమో బామ్మర్దీ. దానికి నోరు లేదు, ఏమైందో చెప్పది. నేను దాని తరఫున అబద్ధం చెప్పలేను" అనేవాడు.

ఆదివారం ఊరి నడుమ చెట్టు కింద కోసేవాడు. కోసింది కోసినట్టు కార్జం తీసి మోదుగాకుల మీద పరిచేవాడు. వచ్చినవాళ్లందరూ అది చూసేదాకా కత్తి మళ్లీ ముట్టేవాడు కాదు. కూర కోసేటప్పుడు బీడీ చెవి వెనక ఉండాల్సిందే, వెలిగించేవాడు కాదు. ఈగలకు వేపమండ. కుక్కలకు చివర్లో బొక్కలు, అదీ వరసగా, కొట్లాడకుండా. ఆ కుక్కలకు కూడా ఆయన మాటంటే మర్యాద. నేను అదిలిస్తే నా మీదికి గుర్రుమనేవి.

ఇక కుప్పలు. గడికి పోయే కూర ముందే వేరే పోయేది. దొర ఇంటి కూరకు ఎవరి నోరూ లేచేది కాదు, ఆ సంగతి అందరికీ తెలిసిందే. మిగిలినదాన్ని బావ సమానంగా కుప్పలు వేసేవాడు. ప్రతి కుప్పలో తొడ ముక్క, పక్కటెముక, కొవ్వు, కార్జం అన్నీ ఇంతింత. తక్కెడ ముట్టేవాడు కాదు. వేశాక జనానికి వీపు పెట్టి నిలబడేవాడు. నన్ను ఒక కుప్ప మీద పుల్ల పెట్టమనేవాడు. నేను పుల్ల పెట్టి "గీ కుప్ప ఎవలకు?" అని అడిగితే, చూడకుండా ఒక పేరు చెప్పేవాడు. ఎవరి పేరు వస్తే వాళ్లది. కాపుల ఇల్లైనా, మాలవాడ, మాదిగవాడ ఇల్లైనా, మసీదు పక్క ఇల్లైనా అంతే. చివరి కుప్ప తనది. ఒకసారి మాలవాడ ముసలాయనకు మంచి కుప్ప పడిందని పోలీసు పటేలు గునిశాడు. "పటేలా, నా వీపుకు కండ్లు లేవు" అన్నాడు బావ. అందరూ నవ్వారు, పటేలు కూడా నవ్వక తప్పలేదు. ఆ మాట నాకెందుకు తట్టలేదా అని నేను వారం రోజులు కుళ్లుకున్నాను.

నాకు ఆ చెట్టు కింది పని వద్దనిపించింది. హైదరాబాదు నుంచి బెజవాడ పోయే సడకు మా ఊరి బాటను కలిసే చోట జాగా కిరాయికి తీసుకొని దుకాణం పెట్టాను. సున్నం వేసిన గోడలు, కిటికీలకు జాలీ, పట్నం నుంచి తెచ్చిన కొక్కేలు, ఇత్తడి తక్కెడ, ఉర్దూలో తెలుగులో పేరు రాసిన బోర్డు. యాట కూర ఎప్పుడంటే అప్పుడు, ఎంతంటే అంత. ఎవరూ ఆదివారం దాకా ఆగక్కరలేదు, శనివారం లేచి తోక ఎత్తి చూడక్కరలేదు. లారీలవాళ్లు, బస్సుల్లో పోయేవాళ్లు, నౌకరీ మీద వచ్చిన మున్షీలు నా దగ్గర కొనేవాళ్లు. మా ఊరివాళ్లు మాత్రం కోసు దూరం నడిచి వచ్చి, దుకాణం చూసి, "మస్తుగున్నది" అని మెచ్చుకొని, తిరిగి పోయి బావ దగ్గర కుప్ప తీసుకునేవాళ్లు.

ఊరివాళ్లు పోనీ. మా అమ్మ! నా కన్నతల్లి! ఒకనాడు లేత కూర ఏరి, తొడ భాగం అరసేరు కట్టి, స్వయంగా పట్టుకుపోయాను.

"ఆడ పెట్టు బిడ్డా, కుక్కకు వేద్దాం" అంది.

"అమ్మా! నీ కొడుకు దుకాణంల కూర!"

"తెలుసు. మీ బావ యాటను నేను నిన్న చూసిన, జొన్నలు తిన్నది. దీన్ని ఎవలు చూసిండ్రు?"

"నేను చూసిన."

"నువ్వు చిన్నప్పటి సంది గంతే, చూడకనే చూసిన అంటవ్" అంది మా అమ్మ, ఎసట్లో బియ్యం పోస్తూ. కోపంగా కూడా అనలేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

ఆ రోజుల్లో యుద్ధం నడుస్తూ ఉంది. ఒక సంవత్సరం వానలు మొదలైన దగ్గర్నుంచి మా దిక్కు గొర్లకు చిటుకు రోగం పడింది. ఆ రోగం గురించి తెలియనివాళ్లకు చెప్తున్నాను, పొద్దున మేసిన గొర్రె చిటికె వేసినంతలో పడి చచ్చిపోతుంది. మందలకు మందలు పోయాయి. దసరా వచ్చేసరికి మంచి గొర్రె కంటికి కనపడితే ఒట్టు. దసరా నాడు కూర లేని ఇల్లు మా దిక్కు ఉంటుందా? జమ్మికి పోయి రావాలి, కూర తినాలి, కల్లు తాగాలి. అల్లుళ్లు వచ్చి ఉంటారు. ఆ పూట పొయ్యి మీద కూర లేకపోతే పరువే పోయినట్టు.

బావ ఎన్ని మందలు తిరిగినా ఆయన కన్నుకు ఆనిన గొర్లు మూడే దొరికాయి. ఇంటింటికీ పోయి, "ఈ యేడు అందరికీ కూర లేదు, ముసలోళ్లు ఉన్న ఇండ్లకు పిడికెడు పిడికెడు ఇస్త, ఏమనుకోకండ్రి" అని చెప్పాడట. ఆ కబురు వినగానే నాకు పండుగ ముందే వచ్చినట్టయింది. ఇక చచ్చినట్టు నా దుకాణానికి రావాలి ఊరంతా!

దసరాకు ముందురోజు ఒక బేరగాడు వచ్చాడు. ఆరు యాటల కూర ఉందన్నాడు. తెల్లారేసరికి బండి మీద తెచ్చాడు. తోలు ఒలిచి, తడిపిన గోనె పట్టాలు కప్పి ఉన్నాయి. "తలకాయలు, తోళ్లు ఏవి?" అని అడిగాను. "గవి వేరే బేరం అయినయి సేటూ" అన్నాడు. నాకు అనుమానం రాలేదంటే అబద్ధం. వచ్చింది. దాన్ని పక్కకు తోశాను. ఆ పూట నా కళ్లకు కూర కనపడలేదు, నా గడప ముందు నిలబడ్డ ఊరు కనపడింది.

ఇంతటితో ఆగినా బాగుండేది. బావ తన ఇంటికి ముక్క కూడా ఉంచుకోకుండా మూడు యాటలూ పంచేస్తున్నాడని తెలిసింది. దసరా నాడు ఆయన పొయ్యి మీద నా కూర ఉడకాలి, ఆయన పళ్ల కింద నా దుకాణం ముక్క పడాలి, "బాగుంది బామ్మర్దీ" అని ఆయన నోటితో అనాలి. నాకు ఆ పిచ్చి పట్టింది. మంచి తొడ ఒకటి కోసి, కట్టి, పొద్దున్నే అక్క చేతిలో పెట్టి వచ్చాను. బావ చెట్టు దగ్గర పనిలో ఉన్నాడు. అక్క సంబరపడింది పాపం. నూరిన కారం ముందే సిద్ధం చేసుకుంది.

నేను తిరిగొచ్చేసరికి దుకాణం ముందు ఊరు ఊరంతా ఉంది. నా జన్మలో అంత సంతోషం ఎరగను. తలుపు తీసి, నడుముకు గుడ్డ చుట్టుకొని, మొదటి యాట కొక్కెం మీది నుంచి దించబోతున్నాను. బావ ఎద్దులబండి తోలుకొని వచ్చాడు. చేతులకు ఇంకా చెట్టు కింది నెత్తురు ఉంది, కడుక్కోకుండా వచ్చాడు. అట్లా ఆయనను ఎప్పుడూ చూడలేదు. జనాన్ని తప్పించుకొని లోపలికి వచ్చి, నాకు మాత్రమే వినపడేటట్టు మాట్లాడాడు.

"మీ అక్కకు ఇచ్చిన తొడ చూసి వచ్చిన. ఇవి నడువంగ చూసినవా?"

నేను యాట మీది నుంచి చెయ్యి తీశాను.

"తోలు ఒలిచినంక ఏ యాటైనా సక్కగనే ఉంటది బామ్మర్దీ. గీ నరం చూడు. నల్లగ నిండి ఉన్నది. నెత్తురు బయటికి రాలేదు, కూరలనే ఆగింది. చచ్చినంక కోసిన యాట ఇది. ఆరుకు ఆరు గంతే."

గడప ముందున్న ఊరి వైపు చూశాను. "ఇప్పుడేం చేద్దాం బావా? మంది ఉన్నరు. తెలిస్తే నన్ను చంపుతరు."

ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. తర్వాత జనం వైపు తిరిగి గట్టిగా అన్నాడు. "గీ కూర మొత్తం నాది. నేను నిన్ననే చెప్పి పెట్టిన. మీరందరు ఏమనుకోకుండ్రి, ఇండ్లకు పోండ్రి."

ఒక్కసారి అందరూ నోళ్లు తెరిచారు. ఆయన ఒక్కొక్క యాటనూ భుజం మీద వేసుకొని బండిలోకి ఎక్కించాడు. ఒక ముసలమ్మ, "ఓరి నీ ఇల్లు బంగారం గాను, మాకు లేదంటివి, నువ్వు ఆరు కొనుక్కపోతున్నవా?" అని అరిచింది. బావ ఎద్దులను అదిలించాడు. బండి కదిలింది.

మధ్యాహ్నం దుకాణం మూసి, బండి చారలు చూసుకుంటూ పోయాను. ఊరి బయట తుమ్మల్లో ఒక్కడే గొయ్యి తవ్వుతున్నాడు. నడుము లోతు తవ్వాడు. కూర వేసి, మా అక్కకు నేను ఇచ్చిన తొడ కూడా వేసి, పైన సున్నం చల్లి, మట్టి కప్పి, నక్కలు తవ్వకుండా తుమ్మకంప పరిచాడు. ఊరంతా జమ్మికి పోతున్న డప్పు వినిపిస్తూ ఉంది. నేను పోయి పార అందుకోబోతే, "నువ్వు పో. నిన్నీడ చూస్తే మంది లెక్క కట్టుకుంటరు" అన్నాడు.

"చెప్పు బావా, నన్ను తిట్టు."

"తిడితే ఏమొస్తది? తినేటోడు మనల్ని నమ్మి కండ్లు మూసుకుంటడు. మనం తెరుసుకోని ఉండాలె. గంతే."

ఇక్కడిదాకా వింటే బావ గొప్పవాడు, కథ ముగిసింది అనుకుంటారు. ముగియలేదు. ఆ దసరా కూర లేని ఊరు ఊరుకుంటుందా? నడవడం చూడని యాటను తినను అనే మనిషి, తోలు ఒలిచిన ఆరు యాటలు బండికెత్తడం అందరూ కళ్లారా చూశారు. వారం తిరగకముందే మాట పుట్టింది. "శనివారం చూపిచ్చేది ఒకటి, ఆదివారం కుప్పలల్ల కలిపేది ఒకటి." "ఎన్నేండ్ల సంది కలుపుతుండో!" "నిప్పు లేంది పొగొస్తదా?" "గసొంటప్పుడు ఆయన కాడికెందుకు, నేరుగ దుకాణంకే పోదాం." అట్లా ఒక్కొక్క ఇల్లూ, ఒక్కొక్క ఆదివారం, చెట్టు కింది నుంచి నా సడకు మీదికి నడిచి వచ్చింది.

నేను ఏం చేశాను? తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. రెండో ఏటికి ఇంకో గది వేసుకున్నాను. నిజం చెప్తున్నాను, వినండి. నాకు సంతోషంగానే ఉంది. అయితే ఆ దసరా తర్వాత తోలు ఒలిచిన యాటను ఒక్కదాన్ని కూడా గడప తొక్కనివ్వలేదు. ప్రతి యాటనూ నడిపించి, జొన్నలు పోసి చూసేవాణ్ని. దానికి కూడా జనం నన్నే మెచ్చుకున్నారు. "నీ అంత నమ్మకస్తుడు లేడు" అన్నారు. ఆ మాట ఎన్నో ఏళ్ల నుంచి వినాలని ఉన్న చెవులు నావి. తీరా విన్నప్పుడు అది కూడా ఆయనదే అనిపించింది. చూడండి ఎంత అన్యాయమో, నా పేరు కూడా ఆయన పెట్టిన భిక్షే అయింది. దాని మీద కూడా కుళ్లుకున్నాను.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. అప్పటికి ఆయన దగ్గర ఎనిమిదో తొమ్మిదో ఇళ్లు మిగిలాయి. వారం విడిచి వారం యాటను కోస్తున్నాడు. "బావా, నువ్వు చెప్పొచ్చు గద. నేను కాదన."

ఆయన చెవి వెనక బీడీ తీసి చూసి మళ్లీ పెట్టుకున్నాడు. "మీ అమ్మ ఉన్నది. మీ అక్క ఉన్నది. వాళ్ల ఇంటి కొడుకు సచ్చిన గొర్లు అమ్మిండంటే వాళ్లు బావి కాడికి పోతరా? నా పేరు పోతే నేను మళ్ల తెచ్చుకుంటలే" అన్నాడు.

తెచ్చుకోలేదు. ఆయన బతికి ఉండగా ఆ పేరు మళ్లీ రాలేదు.

ఈ చలికాలం మొదట్లో మంచం పట్టాడు. చిట్యాల హకీం మందు ఇచ్చాడు, పనిచేయలేదు. ఒకరోజు అక్క కబురు పంపింది, బొక్కల చారు అడుగుతున్నాడని. ఆయన చేతులు కత్తి పట్టే స్థితిలో లేవు. నేను దగ్గరుండి కోసి, ఏరి, కాచి, గిన్నెలో తీసుకుపోయాను. ఆయన మంచం మీద లేచి కూర్చొని గిన్నె వైపు చూశాడు.

"నడిచిందేనా?"

"నడిచింది బావా. నేను చూసిన."

మా అమ్మ ఏమందో గుర్తొచ్చింది. ఆయన మారు మాట అడగలేదు. గిన్నె ఎత్తి మొత్తం తాగాడు. మూతి తుడుచుకొని, "మంచిగున్నది" అన్నాడు. ఇన్నేళ్లు నేను ఏ మాట కోసం చచ్చానో ఆ మాట. బయటికి వచ్చి గోడకు తల ఆనించి ఏడ్చాను. ఎందుకంటే ఎవరైనా ఒక్క మాటతో నన్ను నమ్మితే ఎట్లా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది, ఆయన ఆ నమ్మకాన్ని ఊరిదంతా పోగొట్టుకున్నాడు, నా కోసం.

మన్ను పెట్టడానికి సగం ఊరు రాలేదు. కులపోళ్లు, గొల్లవాళ్లు, మాలవాడ నుంచి నలుగురు, అంతే. పదకొండో రోజు దినం మాత్రం నేను ఘనంగా చేయించాను. మన్నుకు రానివాళ్లు కూడా కూరకు వచ్చారు. విస్తళ్లు పరిచి, అన్నం పెట్టి, కూర వడ్డించాం. దసరా నాడు అరిచిన ముసలమ్మే మా అక్క పక్కన కూర్చొని, వీపు నిమురుతూ, మంచి మనసుతోనే అంది. "ఎంత కలిపినా మనిషి మంచోడే బిడ్డా. ఏడువకు."

అక్క ఏడుపు ఆపింది. తల ఎత్తి నా వైపు చూసింది. ఆ తొడను పొయ్యి మీద నుంచి దించింది ఆమే కదా, ఆమెకు తెలియందేముంది.

నా చేతిలో కూర గంటె ఉంది. దాన్ని కింద పెట్టి చెప్పాను. అంతా చెప్పాను. బేరగాడి దగ్గర్నుంచి తుమ్మల్లో గొయ్యి దాకా. ఎవరికైనా అనుమానం ఉంటే పోయి తవ్వుకోండి, బొక్కలు ఇంకా ఉంటాయి, అన్నాను. నన్ను కొడతారనుకున్నాను. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. మాలవాడ ముసలాయన అన్నంలో పెట్టిన చెయ్యి తీసి విదిలించుకొని లేచాడు. తర్వాత ముసలమ్మ. తర్వాత వరసకు వరస. వడ్డించిన విస్తళ్లు వడ్డించినట్టే ఉన్నాయి. నా కూర, నా చేత్తో కోసింది, ఊరంతా చూసిన యాట, ఆవిరి కక్కుతూ అట్లాగే ఉంది. అందరూ ఆయనను పెట్టిన చోటికి నడిచారు.

"గీ మాట ఆయన ఉన్ననాడు చెప్తే నీదేం పోతుండె తమ్మీ?" అంది అక్క.

మీరు ఏ ఊరివాళ్లైనా, ఏ సడకు మీద కూర కొన్నా, నా దుకాణంలో కొన్నా సరే, యాట నడవడం చూసి కొనండి. గోడల సున్నం చూసి కొనకండి. ఈ మాట నాది కాదు, మా బావది. నేను రాసిపెడుతున్నాను.

ఆ రోజు నేను కూడా వెళ్లాను. వరసలో అందరికంటే చివర నిలబడ్డాను. ముందున్నవాళ్లు ఒక్కొక్కరే వంగి పిడికెడు మన్ను తీసి ఆయన మీద వేస్తున్నారు. ముసలమ్మ రెండు చేతులతో వేసి, "తప్పైంది కొడుకా" అంది. పోలీసు పటేలు కూడా చెప్పులు విడిచి వేశాడు. నన్ను ఎవరూ చూడలేదు, తిట్టలేదు. వాళ్లందరినీ చూస్తుంటే నాకు మళ్లీ కడుపు మండింది. నేను పోతే ఇట్లా ఎవరు వస్తారు? నా వంతు వచ్చేసరికి వదులు మన్ను అంతా అయిపోయింది. మాది మొరం నేల. మోకాళ్ల మీద కూర్చొని గోళ్లతో గీకాను. ఎంత గీకినా పిడికిలి నిండలేదు.